చెక్క మీద బుద్ధిమంతుడు

ఇంటి గడప దాటి ఎన్నడూ వెళ్ళని మాట ఒకటి ఆ ఇంట్లో ఉండేది.

చెక్క మీద అక్షరం చెక్కేవారు దాన్ని కుడి ఎడమలు తిరగేసి చెక్కాలి. అప్పుడే సిరా పూసి కాగితం అద్దినప్పుడు అది చదవడానికి వీలుగా పడుతుంది. చెయ్యి పరధ్యానంలో ఉన్నప్పుడు ఒక్కొక్కసారి అక్షరం తిరగబడకుండా, బడిపుస్తకంలో ఉన్నట్టే చెక్క మీద కూర్చుంటుంది. అక్కడ చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది గాని, కాగితం మీదికి వచ్చేసరికి అటూ ఇటూ తారుమారై నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. అటువంటి అక్షరానికి మామగారు పెట్టిన పేరు బుద్ధిమంతుడు. "చూడమ్మా, ఈ మూల నీకొక బుద్ధిమంతుడు పడ్డాడు" అనేవారాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని. ఆ మాటలో ఎగతాళి ఉండేది కాదు. తప్పు చేసినవారు కూడా నవ్వేసి కొత్త చెక్క అందుకునేవారు.

ఆయన పోయారు. కింది అంతస్తులో చేతితో తిప్పే అచ్చుయంత్రం, గోడకు వరుసగా వేలాడే ఉలులు, సిరా ఇంకి నల్లబడిన బల్ల, ఈ మాట మిగిలాయి. వాటికి వారసులు ఆయన కొడుకులు కారు. పెద్దవాడికి లెక్కలు చూసే ఉద్యోగం, చిన్నవాడికి కళ్ళద్దాల దుకాణం. వారసులు ఇద్దరు కోడళ్ళు.

పెద్ద కోడలు మామగారి దగ్గర నేర్చుకుంది. ఇంటి కప్పులు, మెట్లు, వాన వెలిసిన వీధి, తీగ మీద ఆరేసిన చొక్కాలు ఆమెకు ఇష్టమైన బొమ్మలు. ఒక్కొక్క చెక్క మీద నెలల తరబడి కూర్చునేది. పని తెలిసినవారు ఆమె అచ్చు కనిపిస్తే రెండడుగులు వెనక్కి వేసి నిలబడి చూసేవారు. అయితే పని తెలిసినవారు ఎప్పుడూ కొద్దిమందే.

చిన్న కోడలు ఆమె దగ్గర నేర్చుకుంది. ఉలికి ఎదురుగా రెండో చెయ్యి పెట్టకూడదన్న మొదటి పాఠం మొదలుకొని, చెక్క గీతల వెంట మెత్తగా జారడం, రోలరు మీది సిరా చప్పుడు విని పలుచనో చిక్కనో చెప్పడం దాకా అన్నీ ఆమె చేతులు పట్టుకుని నేర్పింది. నేర్పినంతకాలం ఇద్దరికీ ఒక్కనాడూ మాటా మాటా రాలేదు. తరవాత చిన్న కోడలు ఫోనులో ఒక పేజీ తెరిచింది. దానికి 'వడ్రంగిపిట్ట' అని పేరు పెట్టింది. చెక్క పొట్టు రేగే దృశ్యం, కాగితాన్ని అంచు పట్టి పైకి లేపే దృశ్యం అందులో పెట్టసాగింది. ఆ పిట్టను చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరారు.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని సిరా తుడిచే గుడ్డలు చింపిపెట్టడం అత్తగారు తనకు తాను అప్పగించుకున్న పని. ఒక ఉదయం చిన్న కోడలు ఫోను ఆవిడ ముందు పెట్టింది.

"చూశారా అత్తయ్యా, నిన్న పెట్టిన పావురానికి ఎన్ని గుండెలొచ్చాయో!"

"అన్నేసి గుండెకాయలు ఎవరివే?"

"ఎవరివో. నచ్చినవాళ్ళు నొక్కుతారు."

"ఊరూ పేరూ తెలియనివాళ్ళు గుండెలు తీసి నీ చేతిలో పెడుతున్నారా! మీ మామయ్య ముప్ఫైయేళ్ళు కాపురం చేసి ఒక్కటీ సరిగ్గా ఇచ్చింది లేదు."

పెద్ద కోడలు కూడా నవ్వింది. నవ్వుతూనే తన ఉలికి పదును పెట్టుకునే రాయి వైపు తిరిగింది. ఆమెకూ ఒకనాడు అటువంటి సరదా పుట్టకపోలేదు. తన మెట్ల బొమ్మను ఒకసారి ఫోనులో పెట్టి సాయంత్రం దాకా ఎదురుచూసింది. రెండు గుండెలు వచ్చాయి. ఒకటి భర్తది. రెండోది మరిది ఏదో చూడబోయి పొరపాటున నొక్కింది. ఆ సంగతి అతడే భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పాడు. ఆనాటి నుంచి ఆమె ఆ వ్యవహారాన్ని 'సంత' అనసాగింది.

"నన్ను ఆ సంతలోకి లాగకు. నా పేరు అందులో కనిపించడానికి వీల్లేదు" అని చిన్న కోడలితో కచ్చితంగా చెప్పింది.

చెప్పినంత మాత్రాన చూడటం మానలేదు. మారుపేరుతో తానూ ఆ సంతలో చేరింది. ముఖం ఉండవలసిన చోట ఒక చామంతి పువ్వును, పేరు ఉండవలసిన చోట 'శ్రేయోభిలాషి' అన్న మాటను పెట్టింది. అన్నం ఉడుకుతున్నప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు, స్నానాలగది తలుపు వేసుకుని కూడా వడ్రంగిపిట్ట గుండెలను లెక్కపెట్టేది. అవి పెరిగిన రోజున అన్నం సయించేది కాదు. తగ్గిన రోజున ఎందుకు తగ్గాయో అర్థం కాక మనసు పాడయ్యేది. పావురం కాళ్ళు కర్రపుల్లల్లా ఉన్నాయి, ఈ జనానికి కనిపించదా? ఆకాశం అంతా ఒకే నలుపు, గీతే లేదు, ఎవరూ అడగరా? పేజీ పైన చిన్న కోడలు తన గురించి రాసుకున్న వాక్యం ఆమెకు కంఠతా వచ్చేసింది: 'ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెక్కే నాకు గురువు.' దాన్ని చదివిన ప్రతిసారీ కడుపులో ఎవరో ఉలి దించినట్టుండేది.

ఇది అన్యాయమే. కాని అన్యాయం జరిగినవారు దాన్ని అన్యాయమని పైకి చెప్పాలి. చామంతి పువ్వు వెనక దాక్కుని నమలకూడదు.

ఇటువంటి స్థితిలో గ్రంథాలయం గోడ వచ్చింది.

పాత గ్రంథాలయానికి పిల్లల గది కొత్తగా కట్టారు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురయ్యే గోడ నిండా పెద్ద చెక్క అచ్చు ఒకటి కావాలన్నారు. బొమ్మ మీ ఇష్టం, కింద మాత్రం పిల్లలను పిలిచే మూడు మాటలు ఉండాలి: రండి, కూర్చోండి, చదవండి. ఈ వార్త విన్న నాటి నుంచి పెద్ద కోడలికి ఆ గోడ తప్ప మరేమీ కనిపించలేదు. ఆమె అచ్చులన్నీ కొన్నవారి ఇళ్ళలో, తలుపులు మూసుకున్న గదుల్లో ఉన్నాయి. ఎవరైనా నేరుగా వచ్చి నిలబడి చూడగల గోడ ఆమె జన్మలో దొరకలేదు. పుస్తకాల బీరువా అరలే మెట్లయినట్టు, వాటి మీద పిల్లలు ఎక్కి కూర్చున్నట్టు నమూనా అచ్చు వేసి ఇచ్చింది. చిన్న కోడలు కూడా ఒకటి ఇచ్చింది.

గ్రంథాలయాధికారిణి స్వయంగా వచ్చింది. పొడుగాటి మనిషి, నెమ్మదైన గొంతు. అచ్చుయంత్రం పక్కన నిలబడి పెద్ద కోడలి నమూనాను చాలాసేపు చూసింది.

"మీ పని గొప్పదండీ. నాకు తెలుసు. కానీ కమిటీలో అందరూ ఈ అమ్మాయి పేరే చెప్పారు. వాళ్ళ పిల్లలు రోజూ ఈమె పేజీ చూస్తారట. గది తెరవకముందే జనానికి తెలిసిపోతుందన్నారు."

"బొమ్మ చూసి చెప్పారా, పేజీ చూసి చెప్పారా?" అని పెద్ద కోడలు అడిగింది.

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రెండూ... చూశారండీ."

చిన్న కోడలు పెద్ద కోడలి చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీరేమీ అనుకోవడం లేదు కదా?"

"నేనేమనుకుంటాను? గోడ ఇంట్లోకే వచ్చింది."

అత్తగారు గుడ్డ చింపడం ఆపి పెద్ద కోడలి ముఖంలోకి చూశారు. చూసి, మళ్ళీ చింపుకున్నారు.

ఆ తరవాత పెద్ద కోడలు కింది గదికి వెళ్ళడం తగ్గించింది. నడుం నొప్పి అన్నది. మేడ మీద వంటింట్లో నిలబడి కింది నుంచి వచ్చే ఉలి చప్పుడు వినేది. ఆ చప్పుడును బట్టి చిన్న కోడలు ఏ ఉలి పట్టుకున్నదో, చెక్క ముడి దగ్గర ఎక్కడ తడబడుతున్నదో ఆమెకు తెలిసేది. తడబడినప్పుడల్లా కాస్త ఊపిరి ఆడినట్టుండేది.

బొమ్మ అయిపోయి అక్షరాల వంతు వచ్చిన రోజున చిన్న కోడలు చెక్కుతూనే పేజీలో ప్రత్యక్షంగా మాట్లాడతానని ప్రకటించింది. అంతకు ముందు ఆమె ఫోనును పైనుంచి వేలాడదీసి చేతులను మాత్రమే చూపించేది. ఈసారి జనం ముఖం చూడాలన్నారని ఫోనును ఎదురుగా బల్ల మీద నిలబెట్టింది. పెద్ద కోడలు పొయ్యి మీద పాలు పెట్టి, శ్రేయోభిలాషిగా ఫోను తెరిచింది.

చిన్న కోడలు నవ్వుతూ చెక్కను ఎత్తి చూపించింది. రండి, కూర్చోండి. రెండు మాటలు పూర్తయ్యాయి. మూడోది సగంలో ఉంది.

పెద్ద కోడలు ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. ఆమె కళ్ళు చెక్క మీది అక్షరాన్ని తిరగేసి చదవడానికి అలవాటు పడినవి. నేరుగా ఉన్న అక్షరం చెక్క మీద కనబడితే అన్నంలో రాయి తగిలినట్టు తగులుతుంది. ఇప్పుడు అన్నీ రాళ్ళే. ర నేరుగా ఉంది. క నేరుగా ఉంది. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉండే సున్నకు తప్ప, ఆ చెక్క మీద ఏ అక్షరానికీ దిక్కు లేదు. ఇవి కాగితం మీద పడితే పిల్లలు అద్దం పట్టుకుని చదవాలి.

అంత పెద్ద చెక్క, అన్ని రోజుల పని! వెంటనే మెట్లు దిగి వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపాలన్న ఆలోచన ఆమెకు రాలేదని చెప్పడం అబద్ధమవుతుంది. వచ్చింది. కాని దానికన్నా ముందు ఇంకొకటి వచ్చి గుమ్మంలో కూర్చుంది. అది సంతోషం. గొంతు దాకా నిండిన, వెచ్చని, సిగ్గులేని సంతోషం.

ఆమె వేళ్ళు వాటంతట అవే కదిలాయి.

'అక్షరాలన్నీ బుద్ధిమంతులే! తిరగేసి చెక్కాలన్న మొదటి పాఠం కూడా రానివారికి పిల్లల గోడ అప్పగించిన పెద్దలకు జోహార్లు. చెక్కే గురువైతే ఇలాగే ఉంటుంది. శ్రేయోభిలాషి.'

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె తుడవలేదు.

సాయంత్రానికి ఆ వ్యాఖ్య ఎక్కడికో వెళ్ళిపోయింది. ముందు ఒకరు 'నిజమే కదా' అన్నారు. తరవాత పదిమంది, ఆపైన లెక్కలేదు. చిన్న కోడలి బొమ్మను అద్దంలో తిప్పి నవ్వే ముఖాలు అతికించారు. ఆమె 'అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి' అని జవాబు రాస్తే 'ఏ అద్దంలో?' అన్నారు. చెక్కకు ఫొటో తీసి పెడితే 'ఫొటో తిప్పడం పెద్ద విద్యా?' అన్నారు. మొన్నటిదాకా గుండెలు పెట్టిన చేతులే ఇవి. అన్నిటికన్నా విచిత్రం, ఎవరెవరో అపరిచితులు ఒకరినొకరు 'ఏరా బుద్ధిమంతుడా' అని పిలుచుకోసాగారు. మామగారి మాట వారి నోళ్ళలో నలుగుతుంటే పెద్ద కోడలికి మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది. అయినా చదవడం ఆపలేదు.

మరునాడు ఉదయం ఆమె కింది గదికి వెళ్ళింది. ఓదార్పు మాటలు రెండు మూడు సిద్ధం చేసుకునే వెళ్ళింది. అత్తగారు కుర్చీలో ఉన్నారు. చిన్న కోడలి కళ్ళు వాచి ఉన్నాయి. బల్ల మీద పెద్ద చెక్క, దాని మీద దుప్పటి.

"ఏమిటమ్మా ఇదంతా? మరిది చెప్పాడు..." అని పెద్ద కోడలు మొదలుపెట్టింది.

చిన్న కోడలు దుప్పటి లాగేసింది.

అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. రండి, కూర్చోండి, చదవండి. ఏ ఒక్కటీ నేరుగా లేదు. ఎక్కడా చెయ్యి వణకలేదు. ఒత్తు అంచులు కూడా తేటగా ఉన్నాయి.

అచ్చు వేయవలసిన అవసరం లేదు. ఆ చెక్కను చదవడానికి పెద్ద కోడలికి ఒక్క చూపు చాలు. అయినా చిన్న కోడలు సిరా పూసింది, కాగితం పరిచింది, చెంచా వీపుతో అంగుళం అంగుళం రుద్దింది. కాగితం అంచు పట్టి లేపి, తడిగా ఉన్న అచ్చును పెద్ద కోడలి ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"చూపించండి అక్కా. ఇందులో బుద్ధిమంతుడు ఎక్కడున్నాడో వేలు పెట్టి చూపించండి."

అత్తగారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఆ మాట ఊళ్ళో వాళ్ళకెలా తెలిసిందే?"

"అదే నేనూ అడుగుతున్నాను అత్తయ్యా. మామయ్యగారి మాట. మీకు తెలుసు, నాకు తెలుసు, అక్కకు తెలుసు. మీ అబ్బాయిలిద్దరికీ ఉలికీ స్క్రూడ్రైవరుకీ తేడా తెలియదు. మరి ఈ శ్రేయోభిలాషి ఎవరంటారు?"

పెద్ద కోడలు అచ్చు వైపు చూసింది. "నిన్న నేరుగా కనిపించాయి. నా కళ్ళతో చూశాను."

"ఫోనులో! ముందు కెమెరా అద్దంలా తిప్పి చూపిస్తుందక్కా! నేను ఉలి ఏ చేత్తో పట్టుకున్నానో చూశారా? ఎడమ చేత్తో కనిపించాను. నేను ఎడమచేతి వాటమా? నాకు ఉలి పట్టడం నేర్పింది ఎవరు? ఏ చేతికి నేర్పారు?"

ఆమె చూడలేదు. రాత్రింబవళ్ళు ఆ పేజీని చూసిన మనిషి, తాను స్వయంగా పట్టి నేర్పిన చేతిని చూడలేదు. తప్పు మాత్రమే వెతికే కళ్ళకు చెయ్యి కనిపించదు.

"ఓసి నీ కడుపు మండా" అన్నారు అత్తగారు నెమ్మదిగా, పెద్ద కోడలితో. "అంత మంట పెట్టుకుని నాతో ఒక్క ముక్క అనకపోయావా?"

"ఏమని అనను అత్తయ్యా?" అన్నది పెద్ద కోడలు. "ఎవరి దగ్గరా నేర్చుకోలేదట! చెక్కే గురువట! ఈవిడ మొదటి రోజు తెగ్గోసుకున్న బొటనవేలికి కట్టు కట్టింది చెక్కేనా? ఆ వాక్యం రోజూ చదివాను. రోజూ!"

"మీ పేరే పెట్టాను మొదట!" చిన్న కోడలు అచ్చును బల్ల మీద పడేసింది. "మీరే కదా వద్దన్నారు? నన్ను సంతలోకి లాగకు అన్నది ఎవరు? తీసేశాక అక్కడ ఖాళీగా ఉంటే బాగాలేదు. ఎవరో అలా రాయమన్నారు, రాశాను."

"పేరు వద్దన్నాను. అబద్ధం రాయమన్నానా?"

"లేదు. అది నా తప్పే. కానీ ఈ పేజీతో నేనేదో సుఖపడిపోతున్నానని అనుకున్నారా అక్కా? చెక్కేటప్పుడు చెక్కను చూడటం మానేశాను. ఫోనులో నా చేతుల్ని నేనే చూసుకుంటూ చెక్కుతున్నాను. ఒక్క రోజు ఏమీ పెట్టకపోతే అందరూ మరిచిపోతారని భయం. జ్వరంలో కూడా పావురాన్ని చెక్కాను. అదంటే నాకే అసహ్యం."

"కాళ్ళు బాగా రాలేదు దానికి" అన్నది పెద్ద కోడలు, ఆపుకోలేక.

"తెలుసు!"

అత్తగారు వచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. అదే సమయానికి పెద్ద కోడలి ఫోను మోగింది. గ్రంథాలయాధికారిణి.

"గట్టిగా పెట్టు, నాకు వినపడాలి" అన్నారు అత్తగారు. పెట్టక తప్పలేదు.

"కమిటీ వాళ్ళు భయపడుతున్నారండీ" అన్నది అధికారిణి. "అక్షరాలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నది తరవాతి మాట. పిల్లల గది ఇలా జనం నోళ్ళలో నానడం వాళ్ళకు ఇష్టం లేదు. మీరు చేస్తానంటే గోడ మీకే ఇమ్మన్నారు. నిజం చెప్పాలంటే మొదటి నుంచీ నా మనసులో మీరే ఉన్నారు. సాయంత్రంలోగా చెబుతారా?"

"చెబుతాను" అన్నది పెద్ద కోడలు. ఫోను ఆగిపోయింది.

గోడ ఆమె చేతికి వచ్చేసింది. అడగలేదు, బతిమాలలేదు. ఈ గదిలో ఉన్న ముగ్గురికి తప్ప నిజం ఎవరికీ తెలియదు. ఈ ముగ్గురూ ఒకే ఇంటివారు, ఇంటి పరువు కోసం నోరు మూసుకోగలవారు. ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు. బీరువా మెట్ల మీద పిల్లలు ఆ గోడ మీదికి ఎక్కి కూర్చుంటారు.

"మీరే చెయ్యండి అక్కా. మీకే ఇచ్చారుగా. నేనింక ఉలి పట్టను." చిన్న కోడలు చేతిలో ఉన్న ఉలిని అచ్చుయంత్రపు ఇనప బల్ల మీద పడేసి కిటికీ వైపు తిరిగింది.

ఉలి పదును ఇనుముకు తగిలి కీచుమంది.

ఆ గదిలో అలా ఎవరూ ఎన్నడూ చేయరు. పెద్ద కోడలు ఆలోచించకుండానే చెయ్యి చాచి ఉలిని తీసింది. పదునుకు దెబ్బ తగిలిందేమోనని వెలుతురుకు ఎత్తి చూసింది. తగల్లేదు. పదును ఒక పక్కకు రవ్వంత ఎక్కువ వాలి ఉంది. మామగారి ఉలులకు అలా ఉండదు. ఏ దుకాణంలోనూ అలా చేసి ఇవ్వరు. అది పెద్ద కోడలి సొంత అలవాటు, ఆమె చెయ్యి వాలే తీరు. నేర్పుతున్నానని తెలియకుండానే నేర్పింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదని పేజీలో రాసుకున్న మనిషి, పదును పెట్టిన ప్రతిసారీ ఆమె వాలును పెట్టుకుంటూనే ఉంది.

ఆమె ఉలిని గోడకు తగిలించింది. ఫోను తీసి అధికారిణికి తిరిగి చేసింది.

"సాయంత్రం దాకా అక్కర్లేదండీ. చెక్క నా ఎదురుగా ఉంది. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. ఆ శ్రేయోభిలాషిని నేనే."

"మీరా?"

"నేనే. గోడ ఆ అమ్మాయిది."

"నేను నమ్ముతానండీ. కమిటీకి నా మాట చాలదు. జనానికి తెలిసేలా ఎవరైనా చెప్పాలి."

"చెబుతాను" అన్నది పెద్ద కోడలు రెండోసారి.

చిన్న కోడలు ఫోనును బల్ల మీద నిలబెట్టింది. ఆమె వేళ్ళకు ఇంకా సిరా ఉంది. పెద్ద కోడలు ముఖం తుడుచుకుని, చెక్క పక్కన నిటారుగా నిలబడింది.

"ఇది నన్ను కూడా తిరగేసి చూపిస్తుందా?"

"లేదక్కా. వెనక కెమెరా పెట్టాను. ఉన్నదున్నట్టే కనిపిస్తారు."

"అలాగే కనిపించనీ."

ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "నేను ఈ అమ్మాయి తోడికోడలిని. చెక్క పని చేస్తాను. శ్రేయోభిలాషి పేరుతో రాసింది నేను. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. అద్దంలా తిప్పే కెమెరాలో చూసి పొరబడ్డాను. పొరబడటం ఒక తప్పు. మేడ దిగి వచ్చి అడగకుండా ముఖం దాచుకుని రాయడం అంతకన్నా పెద్ద తప్పు. అసూయతో రాశాను. బుద్ధిమంతుడు అన్న మాట మా మామగారిది. ఆయన దాన్ని ఎవరినీ ఏడిపించడానికి వాడలేదు. మీరందరూ దయచేసి ఆ మాటను మాకు తిరిగి ఇచ్చేయండి."

తాను నేర్పానని చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. క్షమాపణలో తన బాకీ కలిపి వసూలు చేయడం ధర్మం కాదని మింగేసింది.

ఆ దృశ్యం వెళ్ళినంత దూరం ఆ ఇంటి నుంచి ఏదీ వెళ్ళలేదు. గుండెలు వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. గోడ చిన్న కోడలికి తిరిగి వచ్చింది. దానితోపాటు పేజీ నిండా ఒకటే అడిగారు: ఆ పెద్దక్క ఎవరు? ఆవిడ పని చూపించండి. ఆవిడ ఇంకోసారి మాట్లాడతారా?

"నాకు ఎన్నడూ ఇన్ని రాలేదక్కా" అన్నది చిన్న కోడలు మధ్యాహ్నం, ఫోను మీద నుంచి తల ఎత్తకుండా. "మీరు ఉలి కూడా ముట్టుకోలేదు. ఊరికే నిలబడ్డారు."

పెదవులు నవ్వుతున్నాయి. కళ్ళు నవ్వడం లేదు. ఆ చూపును పెద్ద కోడలు ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. ఎన్నో నెలలు దాన్ని తన ముఖం మీదే మోసింది. గుర్తుపట్టగానే జాలి కలగాలి. కలిగింది కూడా. కాని దాని అడుగున సన్నగా, తియ్యగా ఇంకేదో కూడా కదిలింది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

శ్రేయోభిలాషిని చెరిపేసింది. తన పేరుతో పేజీ తెరవమని భర్త అంటే తెరవనన్నది. వారం తిరిగాక అతడు స్నానానికి వెళ్ళినప్పుడు అతడి ఫోను తీసి వడ్రంగిపిట్టను చూసింది. 'చెక్కే నాకు గురువు' అన్న వాక్యం చోట ఏమీ లేదు. అబద్ధం పోయింది. నిజం వచ్చి కూర్చోలేదు. అంతే దక్కింది, అంతే చాలనుకోవాలి అనుకుంది. చాలలేదు.

పిల్లల గది తెరిచిన రోజున అత్తగారి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. చిన్న కోడలు జనం మధ్య ఉంది. చేతిలో ఫోను లేదు, ఎక్కడో సంచిలో ఉండి ఉంటుంది. గోడ నిండా అచ్చు. పడవలా తెరుచుకున్న పెద్ద పుస్తకం, దాని అంచుల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసిన పిల్లలు. నీళ్ళలో ప్రతి అలకూ ఒక గీత ఉంది. పిల్లల కాళ్ళు నిజమైన కాళ్ళలా ఉన్నాయి.

పెద్ద కోడలు రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. బాగుంది. బాగుండటం ఆమెకు కష్టంగా ఉంది. కళ్ళు అలవాటు ప్రకారం పై మూల నుంచి మొదలుపెట్టి, గీత వెంట గీత, తప్పు కోసం వెతుక్కుంటూ కిందికి దిగాయి.

కుడివైపు కింది మూల, చెక్కినవారు తమ గుర్తు వేసుకునే చోట, దొరికింది.

చిన్న కోడలి పిట్ట గుర్తు పక్కన వేలిగోరంత అ. తిరగబడి ఉంది. కుడి ఎడమలు తారుమారై, అచ్చంగా ఒక బుద్ధిమంతుడు. ఇంత పెద్ద గోడ మీద, ఇంతమంది ఎదుట! ఆమె గుండెల్లో ఆ పాత సంతోషం ఒక్క ఉదుటున లేచింది. లేచి, సగంలో నిలిచిపోయింది.

ఆ అమ్మాయి ప్రతి అక్షరాన్నీ కాగితం మీద గీసుకుని, తిరగేసి అతికించి, వేలితో తడిమి మరీ చెక్కుతుంది. ఆ చేతి కింద బుద్ధిమంతుడు పొరపాటున పడడు. కావాలని కూర్చోబెట్టాలి. వడ్రంగిపిట్టలో అ లేదు. ఆ అమ్మాయి పేరులోనూ లేదు. రోజుకు నూరుసార్లు ఆమె పిలిచే పిలుపులో ఉంది.

అక్కలోని అ. పేరు కనిపించకూడదన్న మనిషి గురుతు, ఆ మనిషి చేసిన తప్పు రూపంలో. కృతజ్ఞత ఎంతో, కక్ష ఎంతో విడదీయడానికి వీల్లేకుండా ఒకే ఉలితో చెక్కింది. పదును ఒక పక్కకు వాలి ఉంది.

జనం మీదుగా చూసింది. చిన్న కోడలు ఎవరితోనో మాట్లాడుతూనే ఇటువైపు చూస్తోంది, కనిపెట్టిందా లేదా అని.

గ్రంథాలయాధికారిణి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మీ కంటికి చిక్కే ఉంటుంది. ఆ మూల ఒక్క అక్షరం తప్పు పడిందండీ. ఎవరూ గమనించలేదు. ఆ అమ్మాయితో చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను."

"చెప్పకండి" అన్నది పెద్ద కోడలు. "అది తప్పు కాదు. అది నేను."